వాకిట్లో వేసిన మ్యాట్రిక్స్

మ్యాట్రిక్స్‌తో గుణిస్తే చతురస్రం పక్కకు ఎందుకు ఒరుగుతుందో, ఫోన్‌లో ఎన్ని వీడియోలు చూసినా నా బుర్రకెక్కలేదు. ఇంటర్‌తో చదువాపి మరిపెడలో జాకెట్లు కుట్టుకునే నాకు చెప్పేవాళ్లూ లేరు.

ఈ రోజు పొద్దున ముగ్గు వేస్తుంటే ఆలోచన వచ్చింది. రోజూ వేసే చుక్కల ముగ్గు పక్కనే మరొకటి మొదలుపెట్టాను. కింది వరుసను అలాగే ఉంచి, పైకి పోయేకొద్దీ చుక్కల్ని ఇంకాస్త కుడికి జరిపి, అదే ముగ్గు కలిపాను. ముగ్గంతా ఒరిగింది. మ్యాట్రిక్స్ కూడా చతురస్రాన్ని ఇలాగే జరుపుతుందన్నమాట. లెక్క అర్థమైపోయింది!

ఈ రోజు అమావాస్య అన్న సంగతే మరిచిపోయాను.

ఎదురింటి అవ్వ చూసి కేకేసింది. "ఏందే గిది? అమాస నాడు వంకర ముగ్గేసినవ్! ఎవ్వలికి చేతబడి చేస్తున్నవే?"

"గిది లెక్కలవ్వా. మీ మనుమడు ఇంజినీరింగుల సదివేదే."

అక్కడికక్కడే హైదరాబాద్‌లో ఉన్న మనవడికి ఫోన్ చేసింది. వాళ్లకూ ఆ పాఠం ఉందని అతను చెప్పాడు. హమ్మయ్య అనుకున్నాను.

"వాడంటే సదువుకుంటుండు. మొగడు లేనిదానివి, నీకెందుకే గియన్ని?" అంటూ బకెట్‌తో పేడనీళ్లు తెచ్చి ముగ్గు మీద కుమ్మరించింది. చుట్టూ చేరినవాళ్లలో ఒక్కరూ వద్దనలేదు.

సాయంత్రం ఒకామె వచ్చి, కుట్టమని ఇచ్చిన జాకెట్ బట్టను కుట్టకముందే వాపసు తీసుకుపోయింది.

అదే లెక్క అతను చేస్తే చదువు, నేను చేస్తే చేతబడి. ఈ పాఠం ఏ వీడియోలో ఉందో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.