పన్నెండో గెలుపు

చీపురుపల్లి రీడింగ్ రూములో ఇంగ్లీషు పేపరు అందరి చేతులూ మారి, సాయంత్రానికి జోగయ్య దగ్గరికి వచ్చేది. అతనికి ఏ భాషా చదవడం రాదు. ఆటల పేజీ తెరిచి, చూపుడువేలు వరసల వెంట నెమ్మదిగా జరుపుతూ ఒక్క పేరు కోసమే వెతికేవాడు. విట్లీ. యుద్ధం రోజుల్లో వాల్తేరులో ఆ కుర్ర దొర గోల్ఫ్ ఆడుతుంటే, వెనకాల కర్రల సంచీ మోసింది జోగయ్యే. సంచీ మీద తెల్లరంగుతో రాసిన ఆ పేరు బొమ్మలా మనసులో పడిపోయింది. బరువుకు వాలిన ఎడమ భుజం ఇరవై ఏళ్లు దాటినా లేవలేదు. దొర తన దేశం వెళ్లి, ఆటనే వృత్తి చేసుకున్నాడు. ఆ పేరు కనబడిన రోజున లైబ్రేరియన్ జగన్నాధం వార్త చదివి, దొర గెలిచిన పందెమైతే జోగయ్య నోటుబుక్కులో రాసిపెట్టేవాడు.

అరవై ఎనిమిది వానాకాలంలో, రెండేళ్లుగా కనబడని ఆ పేరు దగ్గర వేలు ఆగింది. జగన్నాధం చదివి కళ్లజోడు తీశాడు.

"మీ దొర పోయాడు జోగయ్యా. మొత్తం పదకొండు పందేలు గెలిచాడట. మన పుస్తకంలోనూ అంతే."

"పన్నెండు బాబూ," అన్నాడు జోగయ్య. "వాల్తేరులో గెలిసినాడు కదేటి. సంచీ నానే మోసినాను."

"అది ఏ పేపర్లోనూ రాలేదు. రానిది నేనెలా రాసేది?" అన్నాడే గాని, ఆ ముఖం చూడలేక కలం చేతికిచ్చాడు. "నువ్వే రాసుకో."

పదకొండో గెలుపు కింద, సంచీ మీద ఉన్నట్టే ఆ పేరు గీశాడు జోగయ్య. పక్కన తన పేరూ పెట్టాలని కలం ఆనించి, కాసేపు అలాగే ఉంచి, తిరిగి ఇచ్చేశాడు. అతనికి రాయడం వచ్చిన పేరు దొరది ఒక్కటే.