ఒకే సీసాలో ముంచిన గొట్టం

మా వదినను ల్యాబ్‌లో ‘పాలమ్మ’ అంటారు. క్యాన్సర్ కణాలను పళ్ళేలలో పెంచడం, రెండ్రోజులకోసారి వాటికి ఎర్రటి పోషక ద్రవం పోయడం ఆమె పని. అలా పోయడాన్నే అక్కడందరూ పాలు పట్టడమంటారు. పద్దెనిమిదేళ్ళుగా పడుతోంది. ఇంట్లో ఉప్పు డబ్బాలో పంచదార చెంచా పెట్టానంటే నన్ను ఉతికి ఆరేసే మనిషి!

అక్కడున్న రొమ్ము క్యాన్సర్ కణాలు ఎవరి చేతిలోనూ ఒక పట్టాన బతికేవి కావు. నాలుగేళ్ళ కిందట వదిన చేతిలో ఉన్నట్టుండి ఏపుగా పెరిగాయి. “నీ హస్తవాసి మంచిదమ్మా,” అని ల్యాబ్ నడిపే పెద్దసారు అందరి ముందూ మెచ్చుకున్నారు. వాటిమీద ఒక మందు బాగా పనిచేస్తోందని సైన్సు పత్రికలో వ్యాసం వేశారు. ఆ మందును రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆరుగురికి ఇచ్చి చూడ్డానికి ఒక ఆసుపత్రి ఒప్పుకుంది. వచ్చే నెలలో మొదలని వదిన మురిసిపోయింది.

ఇంతలో ఆ కణాలను పరీక్షకు పంపితే, అవసలు రొమ్ము కణాలే కావని తేలింది. పక్క పళ్ళెంలో పెరిగే గర్భాశయ క్యాన్సర్ కణాలవి. ఒక్క చుక్క పడినా చాలు, మిగతావాటిని మింగి కూర్చుంటాయట. “మనకీ కణాలు ఇచ్చినవాళ్ళే కలిపి ఇచ్చారేమో, కనుక్కుందాం,” అన్నారు పెద్దసారు. వ్యాసం వెనక్కి తీసుకోవడం, ఆసుపత్రికి చెప్పడం అప్పటిదాకా ఆగాయి.

ఆ రాత్రి వదిన నన్ను వంటింట్లోకి పిలిచి తలుపేసింది.

“నాలుగేళ్ళ కిందట ఒకరోజు తొందరలో ఆ గర్భాశయ కణాల పళ్ళెంలో ముంచిన గొట్టాన్నే మళ్ళీ పాల సీసాలో పెట్టానే. పారబోయాల్సింది. నిండు సీసా, మనసొప్పలేదు. ఆ పాలే రొమ్ము కణాలకీ పట్టాను.”

“చెప్పేయ్ వదినా!”

“చెప్తే ఉద్యోగం ఉంటుందా?”

తొమ్మిది రోజులు చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. దాచడమెందుకు, నేనూ భయపడ్డాను. ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. అందుకే రెండోసారి చెప్పేయమనలేదు.

పదోరోజు పొద్దున్నే, “ల్యాబ్‌కి తోడు రావే,” అంది. పెద్దసారు గది గుమ్మంలోనే నిలబడి అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

“తప్పు నాదే సార్. నన్ను తీసేసినా సరే. వ్యాసం ఇవాళే వెనక్కి తీసుకోండి. ఆ ఆరుగురికీ మందు మొదలుపెట్టకుండా ఆపండి.”

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆసుపత్రికి చెయ్యడానికి ఫోన్ అందుకున్నారు.

“ఆసుపత్రివాళ్ళు తేదీ ముందుకు జరిపారమ్మా,” అన్నారు. “మొన్న సోమవారమే మందు మొదలుపెట్టేశారు.”