కొండ మీద ఆగిన కారు

అరవయ్యో దశకంలో మా మామగారు తాండూరులో కందుల వ్యాపారం చేసేవారు. పాత కారొకటి కొని, హైదరాబాదులోని కారు యజమానుల క్లబ్బులో చేరారు. వాళ్లిచ్చిన ఇత్తడి బిళ్లను కారు ముందు బిగించారు. చందా పేరుతో ఊరికే డబ్బు గుంజుతున్నారని నా అనుమానం.

నాకు నొప్పులు మొదలైన మధ్యాహ్నం మావారు ఊళ్లో లేరు. మామగారే నన్ను వికారాబాదు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో అనంతగిరి కొండ మీద కారు ఆగిపోయింది. వెనక వచ్చిన కారులోంచి షేర్వానీ వేసుకున్న పెద్దమనిషి దిగి, మా బిళ్ల చూశాడు.

"నేను గూడ గా క్లబ్బోన్నే సేఠ్. నా బండి తీస్కపోండ్రి. మీ బండి కాడ నేనుంట," అన్నాడు.

ఆయన కారుకు బిళ్ల లేదు. మామగారు నా చెవిలో, "నమ్మబుద్ధయితలేదు బిడ్డా. దొంగబండి మనకు అంటగట్టి, మన బండి తీస్కపోతడేమో," అన్నారు.

నాకూ భయంగానే ఉంది. ఇంతలో ఇంకో నొప్పి వచ్చి ఊపిరాడలేదు.

"బండి పోతే పోనీ మామా, నన్ను తీస్కపోండ్రి," అన్నాను.

ఆయన కారులోనే ఆసుపత్రికి చేరాం. సాయంత్రం పాప పుట్టింది. మామగారు మనవరాలిని ఒకసారి చూసి, మళ్లీ ఆసుపత్రి గేటు దగ్గరికే వెళ్లి నిలబడ్డారట. చీకటిపడే ముందు ఆ పెద్దమనిషి మా కారు బాగుచేసి, తానే నడుపుకుంటూ వచ్చాడు. మామగారు మొహమాటపడుతూనే బిళ్ల సంగతి అడిగారట.

"పోయినేడే క్లబ్బు ఇడిసిపెట్టిన. చందా దండగనిపిచ్చింది. గట్ల జెప్తే మీరు నా బండి ఎక్కకపోతుండె," అన్నాడాయన.

మామగారు ఆ తర్వాత కూడా చందా కట్టారు. అది దండగో కాదో నేను తేల్చుకోలేదు. ఒక మంచి మనిషిని నమ్మడానికి నాకు అంత నొప్పి రావలసి వచ్చిందన్న సంగతి మాత్రం మరచిపోలేను.

— ఒక పాఠకురాలు, తాండూరు