డోంట్ హెజిటేట్

యాడికిలో సాయంత్రం పూట ఇంగ్లీషు మాట్లాడటం నేర్పిస్తాను. హెజిటేట్ అనే మాట దగ్గరికొస్తే మాత్రం నాకు పూనకం వస్తుంది. వెనకాడటం, తటపటాయించడం, నోటిదాకా వచ్చింది మింగేయడం, అంతా అదే. అర్థం మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాఫీ తాగుతావా అంటే వద్దంటాం. మళ్లీ అడిగితే ఇప్పుడే తాగొచ్చినా అంటాం. గ్లాసు చేతిలో పెట్టేస్తే అడుగంటా తాగుతాం.

"ఏం కర్మప్పా మనకు! డోంట్ హెజిటేట్ అన్నారంటే, కావాలంటే కావాలనల్ల, వద్దంటే ఇంక వద్దే. బతిమాలేది ఇంగ్లీషులో ల్యా" అని బల్ల గుద్ది మరీ చెప్పాను.

ఆ పాఠం విన్నవాళ్లలో మా పక్క పొలం రైతు ఒకడు. చీనీకాయలు, అదే బత్తాయిలు, బెంగళూరు మార్కెట్‌కు వేస్తాడు, అక్కడ మాట్లాడటానికి నేర్చుకుంటున్నాడు.

పోయిన ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. మా నాయన బిడ్డల్లా సాకిన చీనీ చెట్లు ఆకు ముడిచాయి. పక్క రైతు బోరులో ఇంకా నీళ్లున్నాయి. గట్టు మీద కనబడి తనే అన్నాడు.

"మా నీళ్లు మీ తోటకు తిప్పుకోండి సార్. డోంట్ హెజిటేట్."

నాకు ప్రాణం లేచొచ్చింది. నా పాడు నోరు మాత్రం, "అయ్యో, వద్దులేప్పా, మీకే చాలవు" అంది. ఇంకోసారి అంటాడని అక్కడే నిలబడ్డాను. "సరే సార్" అని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే ఆ నీళ్లు అవతలి తోటకు తిప్పాడు. నా శిష్యుడు మరి! ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లు బిగబట్టి, చివరికి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య కాఫీ తెచ్చింది. "వద్దమ్మా" అన్నాను. గ్లాసు లోపలికి తీసుకెళ్లిపోయింది. ఇల్లంతా నా పాఠమే నేర్చినట్టుంది! ఇంక సిగ్గు విడిచి అడిగేశాను.

"చెట్లు సచ్చిపోతాండాయప్పా. నీళ్లు కావాల."

ఆయన మొహం చిన్నబోయింది. "ఆ పొద్దే చెప్పింటే కాదా సార్! నిన్నట్నుంచి మా బోరులో గూడా గాలే వస్తాండాది."

తోటలో ఉన్న నాయన దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన చీనీ కొమ్మ ఒకటి విరిచి చూశాడు. పుటుక్కున విరిగింది.

"వద్దని నువ్వంటివి, సరే" అన్నాడు. "చెట్లేమన్నా వద్దన్నాయేమిరా?"