కోడలు తోలే కారు

మా ఇంట్లో కారు మా ఆయనది. అలాగని పూర్తిగా ఆయనదీ కాదు, కంపెనీది. నిజం చెప్పాలంటే కంపెనీది కూడా కాదు. వాళ్లు ఇంకెవరి దగ్గరో లీజుకి తీసుకుని, ఈయన హోదాకి తగ్గట్టు ఇచ్చారు. ఇంతమంది యజమానులున్న ఆ చిన్న తెల్ల కారుని నడిపేదాన్ని మాత్రం నేను. మా ఆయనకి డ్రైవింగ్ రాదు.

నేర్చుకోక కాదు. గాజువాకలో డ్రైవింగ్ స్కూల్లో చేరి, నేర్పేవాడి ఓపికంతా ఖర్చు పెట్టించి, లైసెన్సు కూడా సంపాదించారు. కారు వచ్చిన వారానికే మా అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి దింపుతూ స్తంభాన్ని గుద్దేశారు. స్తంభానికేమీ కాలేదు. ఆయన దిగి, తాళాలు నా చేతిలో పెట్టి, "ఆ స్తంభం అక్కడ కట్టకూడదు" అన్నారు. అప్పటినుంచి పక్కసీట్లో కూర్చుని నాకు దారి చెబుతుంటారు. నేను పుట్టి పెరిగింది ఈ విశాఖపట్నంలోనే అన్న సంగతి ఆయనకి అడ్డు కాదు.

అరువు సొమ్ము బరువు చేటు అనేది మా అమ్మ. నగల గురించి అనేది గానీ లీజు కారుకీ అదే వర్తిస్తుంది. గడువు అయ్యాక ఎలా ఇచ్చారో అలాగే తిరిగి అప్పగించాలట. ఈ ఊళ్లో అదెలా కుదురుతుందో నాకు అర్థం కాదు. తెల్ల కారు తెల్లగా ఉండేది షోరూమ్ గేటు దాటేదాకానే. పొద్దున్నే తుడిస్తే పోర్టు బొగ్గు ధూళికి గుడ్డ నల్లగా వస్తుంది, సాయంత్రం తుడిస్తే ఇనుప ఖనిజం ధూళికి ఎర్రగా వస్తుంది. గీత పడినప్పుడల్లా ఆటోనగర్‌కి పరిగెత్తాలి. అక్కడి పెయింటు మేస్త్రీ నన్ను చూడగానే, "ఈపాలి ఏటండి మేడమ్, లారీయా, ఆటోనా?" అని అడుగుతాడు. ఎక్కువసార్లు ఆటోయే.

బయటి గీతలైనా నయం. లోపల మా అత్తగారి ముద్రలు పడ్డాయి. ఆవిడ పద్మనాభం మండలంలోని పల్లెలో మా మరిదితో కలిసి వ్యవసాయం చూసుకుంటుంది. అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి నాలుగు రోజులుంటుంది. తీసుకురావడానికీ దింపడానికీ మేమే వెళ్లాలి. వచ్చేటప్పుడు బియ్యం బస్తా, గుమ్మడికాయలు, ఒకసారైతే కాళ్లు కట్టిన కోడిపుంజు కూడా వచ్చాయి. "లీజు కారత్తా, పాడవకూడదు" అన్నాను. "పుంజేటి సేత్తాదే, బుద్ధిగా కూకుంటాది" అంది. పుంజు బుద్ధిగా కూర్చోలేదు. ఆ సీటు మీద ఇప్పటికీ తువ్వాలు కప్పి ఉంటుంది.

ఆవిడకి ముందుసీటే కావాలి. కొడుకుని వెనక్కి తోలేస్తుంది. ఊరి మలుపు తిరగ్గానే, "ఏసీ కట్టేయ్, అద్దం దించు" అంటుంది. రోహిణి కార్తె ఎండలో కూడా దించాల్సిందే. బోరింగు దగ్గర ఆడవాళ్లు కనిపిస్తే మెల్లగా పోనిమ్మంటుంది. "మా కోడలు. ఇశాపట్నం నుంచి తనే తోలుకొచ్చింది" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంది. ఇల్లు వచ్చేశాక, వీధిలో ఎవరూ లేరని ఇంకో చుట్టు తిప్పించిన రోజు కూడా ఉంది. నేను విసుక్కున్నాను గానీ, తిప్పాను.

నాకూ ఆ స్టీరింగంటే ప్రాణం. నేను ద్వారకా నగర్లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. పొద్దున్నే మా ఆయన్ని ఫ్యాక్టరీ దగ్గర దింపి, అక్కడినుంచి లారీల మధ్య ఒక్కదాన్నే వెళతాను. ఆ కాసేపు నన్ను కాఫీ అడిగేవాళ్లుండరు, డౌట్లు అడిగేవాళ్లుండరు. అద్దాలు వేసుకుని, అడ్డమొచ్చిన లారీవాణ్ణి నోరారా తిట్టుకోవచ్చు. పాఠం చెప్పడానికి కావలసిన మంచితనమంతా నాకు ఆ తిట్లలోంచే వస్తుంది.

అలాంటి సమయంలో కారు గడువు ముగింపుకొచ్చింది, ఆయనకి ప్రమోషనూ వచ్చింది. కొత్త హోదాకి పెద్ద కారు. దాంతోపాటు డ్రైవరు. మా ఆయన మిఠాయి డబ్బా తెచ్చి, "ఇక నువ్వు శ్రమ పడక్కర్లేదు" అన్నారు. డ్రైవరు ఆయన్ని తీసుకెళతాడు, కారు సాయంత్రందాకా ఆఫీసులోనే ఉంటుంది, నేను ఆటోలో వెళ్లొచ్చు. ఆయన నాకు సుఖం ఇస్తున్నాననుకున్నారు. నాకు మాత్రం కాళ్లు తీసేసి కుర్చీ వేసినట్టు ఉంది. మనిషి అంత సంతోషంగా ఉంటే ఏం అంటాను? కూరగిన్నె కొంచెం గట్టిగా పెట్టాను. ఆయన గమనించలేదు.

ఏ కారో ఎంచుకునే పని మాదే కాబట్టి షోరూముల చుట్టూ తిరగడం మొదలైంది. ప్రతిచోటా ఒక కుర్రాడు టై కట్టుకుని వచ్చి, ఆయనకి నీళ్లిచ్చి, నాకు సీటు కవర్ల రంగులు చూపించాడు. ఇంజను సంగతులు ఆయనతో, కవర్ల సంగతులు నాతో. మా ఆయన వీడియోలు చూసి వచ్చిన జ్ఞానమంతా బయటికి తీసి టార్క్ గురించి మాట్లాడేవారు. ఒకచోట ఆ కుర్రాడు మర్యాదగా తాళం చేతికిచ్చి, "సార్, ఓ రౌండ్ వేసి చూడండి" అన్నాడు. ఈయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. అద్దం సర్దారు. సీటు ముందుకి జరిపారు, వెనక్కి జరిపారు. మళ్లీ అద్దం సర్దారు. చివరికి, "నడుం పట్టేసింది, నువ్వు చూడు" అని దిగిపోయారు. బీచ్ రోడ్డు మీదికి పోనిమ్మన్నాడు ఆ కుర్రాడు. నేను సింహాచలం ఘాటు రోడ్డుకి తీసుకెళ్లి, ఎత్తు మీద ఆపి, మళ్లీ ఎక్కించి చూశాను. అతను సీటు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నాతో కవర్ల సంగతి ఎత్తలేదు.

మా ఆయన మనసు పడిన పెద్ద కారు మా సెల్లారు మలుపు తిరగదు. తా దూర సందు లేదు, మెడకో డోలు. అయినా ఆదివారం ఒక పూట వాడి చూసుకోమని షోరూమ్ వాళ్లు ఆ కారుని డ్రైవరుతో సహా పంపారు. "అమ్మకి చూపిద్దాం పద" అన్నారు ఈయన. డ్రైవరు తెల్ల యూనిఫాంలో ఉన్నాడు. మేమిద్దరం వెనకసీట్లో పెళ్లివారిలా కూర్చున్నాం. దారి పొడుగునా నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఊరి వీధిలో కారు ఆగింది. తెల్లబట్టల మనిషి దిగి తలుపు తీశాడు. కారు బాగా ఎత్తు, నా చీర కుచ్చిళ్లు సీటు కింద దేనికో తట్టుకున్నాయి. మా ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా, ఒక్కో కాలూ కిందపెట్టి దిగాను. బోరింగు దగ్గరున్న ఆడవాళ్లందరూ బిందెలొదిలేసి చూస్తున్నారు.

అత్తగారు గబగబా వచ్చి నా నుదురు పట్టుకు చూసింది. "ఎక్కడే నొప్పి?"

"ఏమీ లేదత్తా."

"మరి టాక్సీ కట్టించుకొని ఎందుకొచ్చినారు?"

"టాక్సీ కాదమ్మా, మనం తీసుకోబోయే కారు" అన్నారు మా ఆయన.

"మరతనెవులు?"

"డ్రైవరు."

"అదే కదరా టాక్సీ" అంది ఆవిడ.

అరగంటలో పరామర్శలు మొదలయ్యాయి. మా అత్తగారి ఊళ్లో పరామర్శంటే రొట్టె ప్యాకెట్టు. ఒకావిడ తెచ్చింది, వెనకాలే ఇంకో ముగ్గురు తెచ్చారు. కోడలు బండి తోలలేదంటే చెయ్యి విరిగిందని ఒక వీధి, ఆపరేషనయిందని ఇంకో వీధి, ఆసుపత్రి మనిషే దగ్గరుండి తీసుకొచ్చాడని అన్ని వీధులూ అనుకున్నాయి. నేను రెండు చేతులూ పైకెత్తి చూపించాను. "అలాగే ఉంతాదమ్మా, లోపల తెలదు" అంది ఒక ముసలావిడ. కొట్లో రొట్టెలు అయిపోయాక వచ్చినవాళ్లు బత్తాయిలు తెచ్చారు. ఆ తెల్ల యూనిఫాం మనిషికి వరసగా టీలు అందుతున్నాయి, నా సంగతి అతన్నే గుచ్చిగుచ్చి అడుగుతున్నారు. పాపం, అతను మైలేజీ చెబుతున్నాడు.

చివరికి మా చినమావయ్య, అంటే మా ఆయన చిన్నాన్న, చంకలో రొట్టెతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "కోడలికేటైందిరా? మనోళ్లమే కదా, సెప్పు."

ఊళ్లో అడుగు పెడితే మా ఆయన మాట కూడా ఊరిదైపోతుంది. "దానికేటీ అవలేదు సిన్నాన్నా. కంపెనీవోళ్లు డ్రైవర్ని ఇత్తన్నారు."

"డ్రైవరు నీకెందుకురా?"

"నాకు తోలడం రాదు కదా."

చినమావయ్య చంకలోని రొట్టె తీసి అరుగు మీద పెట్టాడు. "కోడలికి వచ్చును కదా" అన్నాడు.

మా ఆయన నేల చూస్తూ, "పెళ్లాం దింపితే ఆఫీసులో నవ్వుతన్నారు" అన్నారు. రోజూ ఫ్యాక్టరీ గేటుకి ఇంకా దూరముండగానే కారు ఆపించి, కాస్త నడిస్తే ఒంటికి మంచిదని దిగిపోతారు. నేను అది షుగరు భయం అనుకున్నాను. ఇన్నాళ్లూ ఆ నవ్వులు ఒక్కరే మోశారని తెలిసి నాకు జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నవ్వనీరా" అంది అత్తగారు. "ఈ ఊర్లో నిన్నెవులు నవ్వినారు? నా కోడలు తోలుతాదని నాను ఊరంతా సెప్పుకుంటన్నాను. అది తోలకపోతే నాకు టాక్సీ ఎందుకు, బస్సులో వత్తాను."

ఇంట్లో మిఠాయి డబ్బా ముందు అనలేకపోయిన మాట ఆ అరుగు మీద అందరి ముందూ అనేశాను. "నాకు డ్రైవరు వద్దండి. కారు పోతే నాకు ఊపిరాడదు. నా కారు నేనే తోలుకుంటాను."

ఆయన రొట్టె ప్యాకెట్ల వైపు చూశారు.

తిరుగు ప్రయాణంలో నేను డ్రైవర్ని తాళం అడిగాను. అతను సంతోషంగా ఇచ్చి, వెనకసీట్లో రొట్టెల పక్కన మా ఆయనతో కలిసి కూర్చున్నాడు. అత్తగారు నాలుగు రోజులుంటానని సంచీతో వచ్చి ముందుసీటెక్కింది. అంత పెద్ద బండిని ఆ సన్నటి వీధుల్లోంచి అంగుళం అంగుళం చూసుకుంటూ తీశాను. నాకేమీ కాలేదని ఊరు అప్పుడు నమ్మింది.

ఆనందపురం దాటేదాకా మా ఆయన దారి కూడా చెప్పలేదు. తర్వాత మెల్లగా, "చిన్నదే తీసుకుందాం. డ్రైవరు వద్దని చెబుతాను. ఏ బండో నువ్వే చూసుకో" అన్నారు.

నేను అద్దంలో చూశాను. ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నారు.

"రేపు నన్ను గేటు దాకా దింపు" అన్నారు. "లోపలికే రా. అందరూ వచ్చే టైముకి."

"సరే. బెల్టు పెట్టుకోండి" అన్నాను. ఇంకొక్క మాట అన్నా ఏడుపొచ్చేసేలా ఉంది.