జేబుల వీధి

మా మామయ్య సిటీ బస్సు డ్రైవరు. అమ్మకు సొంత అన్నయ్య. మా పక్క వీధిలోనే వాళ్ళిల్లు. ఆయన వీధి మొదట్లో ఉండగానే మాటలు వంటింట్లోకి వినిపించేవి కనుక చుట్టాలందరూ ఆయనకు హారన్ మామయ్య అని పేరు పెట్టారు. ఎదురుగానే అలా పిలిచేవారు. ఆయనా ఏమీ అనుకోకుండా పలికేవాడు.

ఆ ఏడు ఎండలు మొదలవుతుండగా మామయ్య రిటైరయ్యాడు. బస్సును డిపోలో అప్పజెప్పారు కానీ డ్రైవరును వెంటబెట్టుకొచ్చారని అత్తయ్య గోల. నిజమే. ఎవరైనా తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతుంటే "గుమ్మంలో ఆగొద్దు, లోపలికి జరగండి" అనేవాడు. కూతురు స్కూటరు మీద వెనక కూర్చుంటే లేని బ్రేకు కోసం కాలు తెగ తొక్కేవాడు. ఆ అమ్మాయి నాకంటే పెద్దది, నాకు వదిన. మందుల షాపులో పని చేసేది. "నాన్నను ఎక్కించుకుంటే ఇంటికొచ్చేసరికి నా నడుమే నొప్పెడుతుందే" అని నాతో వాపోయేది.

అత్తయ్య టైలరు. ముందుగదిలో ఒక మూల కుట్టుమిషను, కిటికీ కింద కత్తిరింపు బల్ల, గోడ పొడవునా కట్టిన తీగ మీద వేలాడే చొక్కాలు. వేసవి చివరకొచ్చేసరికి ఆమెకు తల ఎత్తే తీరిక ఉండదు. బళ్ళు తెరిచేలోగా యూనిఫారాలన్నీ ఇచ్చెయ్యాలి. ఏ కుర్చీ చూసినా కాలర్లు, చేతులు, నడుం పట్టీలు. మామయ్య ఎక్కడ కూర్చోబోయినా, "అయ్యో, అక్కడ కాదండీ!" అని కేక వినిపించేది. పాపం, ఇన్నేళ్ళూ ఎవరూ పోటీకి రాని సీటులో కూర్చున్న మనిషి, సొంత ఇంట్లో నిలబడి ప్రయాణం చేయాల్సి వచ్చింది.

"ఏదైనా పని పెట్టుకోండి. పెద్దపెద్దవాళ్ళకే ఏవో సరదాలుంటాయట" అంది అత్తయ్య చివరికి.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మామయ్య ముందు పిట్టగూడు తయారుచేశాడు. చెక్కముక్కలు కోసి, మేకులు కొట్టి, రంగు వేసి పెరటి గోడకు తగిలించాడు. పిట్టలు వచ్చి దాని మీద వాలాయి కానీ లోపలికి ఒక్కటీ వెళ్ళలేదు. బల్లి మాత్రం కాపురం పెట్టింది. "ఎవరైతేనేం, అద్దెకు దిగారు కదా" అన్నాడు. తర్వాత మౌతార్గన్ కొన్నాడు. దాని సంగతి ఎక్కువ చెప్పను. పక్కింటివాళ్ళు మర్యాదస్తులు కనుక కిటికీలు మూసుకున్నారు, అంత ఉక్కపోతలో.

ఒక ఆదివారం అమ్మా నేనూ వాళ్ళింట్లో ఉన్నాం. అత్తయ్య బల్ల కింద కత్తిరింపులో మిగిలిన పేలికల మూట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కూర్చోవడానికి చోటు దొరక్క మామయ్య ఆ మూట మీదే కూలబడ్డాడు. వదిన నవ్వి, "ఎలాగూ దాని మీద కూర్చున్నావు కదా నాన్నా, దాంతో బొంత కుట్టెయ్" అంది.

"మీ నాన్నా? సూదిలో దారం ఎక్కించేసరికే చలికాలం వస్తుంది" అంది అమ్మ.

అమ్మ అలా అనకపోతే మామయ్య ఊరుకునేవాడేమో. చెల్లెలి మాట అంటే ఆయనకు చిన్నప్పటినుంచీ రోషం. "ఇంత బస్సును అంత సందులోంచి తీసినవాణ్ణి. దారమెంత!" అంటూ లేచాడు.

దారం ఎక్కించడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. కళ్ళజోడు పెట్టుకోమంటే పెట్టుకోడు. సూదిని వెలుగుకు పట్టుకుని, ఒక కన్ను మూసి, నాలుక బయటపెట్టి గురి చూసేవాడు. దారం సూది పక్కనుంచి పోయేది. చివరికి ఎక్కింది. ఎక్కగానే మమ్మల్నందరినీ పిలిచి చూపించాడు. మేము చూడటానికి దగ్గరికి వచ్చేసరికి దారం జారిపోయింది.

అత్తయ్య రెండు షరతులు పెట్టింది. మిషను ముట్టుకోకూడదు, పెద్ద కత్తెర ముట్టుకోకూడదు. "మీకు కావాల్సినవన్నీ ఆ మూటలోనే ఉన్నాయి" అని చెప్పింది. పాత తెల్ల దుప్పటి ఒకటి అడుగున వేసుకోమని ఇచ్చింది. ముక్కకు ముక్క ఎలా అతకాలో ఒకసారి చూపించింది.

మామయ్య కుట్టు చూడాలి. ఒక్కో కుట్టూ అగ్గిపుల్లంత పొడవు, మధ్యలో అంతే ఖాళీ.

"ఇదేంటన్నయ్యా, రోడ్డు మధ్య గీతల్లాగా?" అంది అమ్మ.

"గీత మీదే పోతున్నానా లేదా? అది చూడు నువ్వు."

సాయంకాలాలు మేమందరం వాళ్ళ వసారాలో చేరడం అలవాటైంది. ముక్కలు ఎగిరిపోతున్నాయని మామయ్య ఫ్యాను కట్టేసేవాడు. ఉడికి చస్తున్నామని అమ్మ వేసేది. మామయ్య లేచి కట్టేసేవాడు. ఈ గొడవలోనే ముక్కలు అతుక్కుంటూ పోయాయి. నేను రంగులు ఏరి ఇచ్చేదాన్ని. వదిన షాపునుంచి రాగానే కాళ్ళు చాపుకుని కూర్చుని, వంకరపోయిన కుట్లు వెతికి, నవ్వుతూ మళ్ళీ వేసేది. అత్తయ్య మాత్రం లోపల మిషను తొక్కుతూనే ఉండేది. మా నవ్వులు ఎక్కువైనప్పుడు చప్పుడు కాసేపు ఆగేది. మళ్ళీ మొదలయ్యేది.

ఇంతలో బొంత మధ్యభాగం పూర్తయింది. చుట్టూ వెడల్పుగా తెల్లటి అంచు మిగిలింది. అది ఏం చేస్తావని అడిగితే మామయ్య చెప్పలేదు. "పూర్తయ్యాక చూద్దురుగాని" అన్నాడు. అప్పటినుంచి పగటిపూట, ఎవరూ లేనప్పుడు, పెరటి గదిలో తలుపు వేసుకుని కుట్టుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి రహస్యం దాచడం చూసి మాకే భయం వేసింది.

సరిగ్గా అప్పుడే అత్తయ్య జేబులు పోయాయి.

చొక్కాల జేబులన్నమాట. నీలం గుడ్డ మీద ఒక్కసారే గీసి, కత్తిరించి, అంచులు మడిచి ఇస్త్రీ చేసి కట్టగా పెట్టిందట. చొక్కాలన్నీ అయ్యాక వాటిని కుట్టాలి. తీరా చూస్తే కట్ట లేదు. బల్ల కింద చూసింది, మిషను వెనక చూసింది, తీగ మీద ప్రతి చొక్కా దులిపింది.

"వదినా, నువ్వేమైనా సర్దావా?" అని అమ్మను అడిగింది.

"నీ గదిలో చెయ్యి పెట్టే ధైర్యం నాకెక్కడిదమ్మా!"

కూతుర్ని అడిగింది. నన్ను అడిగింది. పక్కింటి పిల్లిని కూడా అనుమానించింది. మామయ్య అందరికంటే ఎక్కువ కంగారుపడ్డాడు. వంగి మంచం కింద వెతికాడు, బియ్యం డబ్బా మూత తీసి చూశాడు. "ఎక్కడికి పోతాయి? కాళ్ళున్నాయా వాటికి? స్థిమితంగా ఆలోచించు, ఎక్కడ పెట్టావో" అని ఆమెకే బుద్ధులు చెప్పాడు. ఆ మనిషిలో ఏ కల్మషమూ లేదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే.

మర్నాడు సాయంత్రం మామయ్య మమ్మల్నందరినీ ముందుగదిలోకి పిలిచాడు. అత్తయ్యను కూడా మిషను మీంచి లేపాడు. "ఐదు నిమిషాలు. దిగులుగా ఉన్నావు కదా, చూస్తే సరదా పడతావు" అని బొంతను నేలమీద పరిచాడు.

తెల్లటి అంచు మీద చుట్టూరా నీలం ఇళ్ళు. ఒక్కోటీ చక్కగా నలుచదరంగా ఉండి పైన కోసుగా కప్పు. ఇంటి పక్కన ఇల్లు, దాని పక్కన ఇల్లు, మూల తిరిగి మళ్ళీ ఇళ్ళు.

"వీధి!" అన్నాడు మామయ్య. "చూశారా? ఇదిగో ఇక్కడ మలుపు. బస్సు తిరగడానికి చోటు కూడా వదిలాను."

చాలా బాగుంది. నిజంగానే బాగుంది. నేను ఆ మాట అనబోతుండగా వదిన నా చెయ్యి గిల్లింది. అత్తయ్య వంగి, ఒక ఇంటి కప్పు మీద వేలు పెట్టి, తల పక్కకు తిప్పి తలకిందులుగా చూసింది.

"ఈ ముక్కలు మీకెక్కడివండీ?"

"మూట మీదున్నాయి. నా కోసమే కత్తిరించి పెట్టావనుకున్నా. ఇస్త్రీ కూడా చేశావు కదా. పైకి చెప్పకపోయినా మనసులో ఉందిలే అనుకుని..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. తీగ మీది చొక్కాల వైపు చూశాడు. ఇళ్ళ వైపు చూశాడు. మళ్ళీ చొక్కాల వైపు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు.

అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. అక్కడ గ్లాసు ఏదో కింద పడింది.

అత్తయ్య నవ్వలేదు, అరవలేదు. "ఆ తాను అయిపోయింది. అదే రంగు మళ్ళీ దొరకదు" అని మాత్రం అంది.

మామయ్య నేలమీద కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. మేం సాయం చేస్తామంటే వద్దన్నాడు. అవి విప్పడం మాత్రం తేలికైంది. అంత పొడుగు కుట్లు కదా, దారం ఒక కొస పట్టుకుని లాగితే ఇల్లు ఊడివచ్చేది. ఒక్కో ఇల్లూ ఊడదీసి, అరచేత్తో సాపు చేసి, పక్కన పేర్చాడు. అత్తయ్య వాటి మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసింది. సూది గుర్తులు మాయమయ్యాయి. "దగ్గరగా కుట్టి ఉంటే నా పని అయిపోయేది" అంది. ఆయన కుట్టును ఆమె మెచ్చుకోవడం అదే మొదటిసారి.

జేబులు చొక్కాల మీదికి చేరాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ మామయ్య మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తింటాడు, అడిగితే ఊఁ అంటాడు. బొంత మడిచి మంచం కిందికి తోసేశాడు. గుమ్మంలో ఎవరు నిలబడినా లోపలికి జరగమనలేదు. వీధిలోవాళ్ళు "మామయ్యగారు ఊళ్ళో లేరా?" అని అడగడం మొదలుపెట్టారు.

రెండు పూటలు చూసి అత్తయ్య మాకు కబురుపెట్టింది. అమ్మను చూడగానే, "మీ అన్నయ్య అరిస్తే భరించలేకపోయేదాన్ని వదినా, ఇప్పుడు అరవకపోతే పని సాగట్లేదు. మిషను చప్పుడు ఒక్కటీ చెవిలో కొడుతోంది" అంది. అని ఊరుకోలేదు. ఒక డబ్బా నిండా గుండీలు, ఒక మోపు చొక్కాలు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"ఇవి కుట్టండి."

"నేనా? మళ్ళీ ఏం పాడుచేస్తానో."

"గుండీని పాడుచెయ్యడానికి ఏముంది? నాలుగు చిల్లులు, వాటిలోంచి దారం. టైము లేదు నాకు. కళ్ళజోడు పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. సూదిలో దారం వెంటనే ఎక్కింది. ఆయన బిత్తరపోయి సూదిని, కళ్ళజోడును మార్చిమార్చి చూశాడు. అమ్మ ఒక్క మాటా అనలేదు. అనకుండా ఉండటానికి చాలా కష్టపడింది, పెదవి కొరుక్కోవడం నేను చూశాను.

ఆ గుండీలు ఎంత గట్టిగా కుట్టాడంటే, చొక్కా చిరిగినా గుండీ ఊడదు. బళ్ళు తెరిచేలోపల యూనిఫారాలన్నీ వెళ్ళిపోయాయి. తీగ ఖాళీ అయింది, కుర్చీలు ఖాళీ అయ్యాయి. మామయ్య ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియక అన్నిట్లోనూ కాసేపు కాసేపు కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అత్తయ్యే మంచం కిందనుంచి బొంత లాగింది. తెల్లటి అంచు నిండా సూది గుర్తులు. ఇళ్ళు లేచిపోయాక మిగిలిన పునాదుల్లా ఉన్నాయి. పేలికల మూట విప్పి మా మధ్య గుమ్మరించింది. "తలా కొన్ని ఇళ్ళు కట్టండి. వీధి ఖాళీగా ఉంటే ఎలా?" అంది.

అమ్మ తన పాత జాకెట్టు ముక్కతో కట్టిన ఇల్లు ఒక పక్కకు వాలింది. "వానొస్తే కారుతుంది" అన్నాడు మామయ్య. ఆ మాటతో గొంతు తిరిగివచ్చింది. వదిన ఇల్లు చారలది, నాది చుక్కలది. అత్తయ్య తన ఇంటికి తలుపు పెట్టింది, కిటికీ పెట్టింది, తలుపుకు గడియగా చిన్న గుండీ కూడా కుట్టింది. మామయ్య అది చూసి తన ఇళ్ళన్నిటికీ గడియలు పెడతానని పట్టుబట్టాడు. గుండీలయితే ఆయన చేతిలో పని కదా. వీధి మొత్తానికి ఒక్క నీలం ఇల్లూ లేదు. మలుపులో బస్సుకు వదిలిన చోటు మాత్రం అలాగే ఉంచాం.

తొలి వాన పడ్డ రోజు బొంత పూర్తయింది. ఒక్కసారిగా చల్లగాలి తిరిగింది. మొదట తనే కప్పుకుంటానని మామయ్య దివాన్ మీద పడుకుని మెడదాకా లాక్కున్నాడు. పాదాలు రెండూ బయటికి వచ్చేశాయి. పాదాలు కప్పితే ఛాతీ బయటికి వచ్చింది. గుడ్డ పరిచినప్పుడు తన పొడవే చూసుకున్నాడట, కుట్టులోకి కొంత పోతుందని ఆయనకు తట్టలేదు.

"ఇంత చేసి, చివరికి మోకాళ్ళ బొంతా?" అంది అమ్మ.

మామయ్య తొణకలేదు. లేచి, బొంతను అత్తయ్య భుజాల మీదుగా కప్పాడు. కుర్చీలో కూర్చున్న ఆమెకు అది మెడనుంచి మడమలదాకా సరిగ్గా సరిపోయింది.

"మరి ఈ కొలతకే కుట్టాను" అన్నాడు.

"ఎప్పుడు తీసుకున్నారట నా కొలతలు?"

"టేపు పెట్టే తీసుకోవాలా ఏంటి? ఇన్నేళ్ళుగా చూడట్లేదా?"

అబద్ధమని మా ముగ్గురికీ తెలుసు, అత్తయ్యకు ఇంకా బాగా తెలుసు. వదిన ఏదో అనబోయింది. అత్తయ్య బొంతలోంచి చెయ్యి బయటికి తీసి, ఊరుకోమన్నట్టు ఆమె మోకాలి మీద తట్టింది. తర్వాత కాళ్ళు కూడా పైకి ముడుచుకుని, బొంత అంచులు చుట్టూ సర్దుకుని, వాన చూస్తూ కూర్చుంది.

"ఏమండీ, టీ పెట్టండి. నేను ఇందులోంచి లేవను" అంది.

మామయ్య వంటింట్లోకి నడిచాడు. వెళుతూ వెళుతూ, గుమ్మంలో నిలబడి వాన చూస్తున్న నన్ను లోపలికి జరగమన్నాడు.