మామ కంబళి, నా లెక్క

ఒక్క సమీకరణంతో బంగారంలాంటి కంబళిని ఎట్లా నాశనం చేయవచ్చో చెబుతాను, వినండి. ఆ ఘనకార్యం నాదే.

అప్పట్లో బెంగళూరులో పరిశోధన చేసేవాణ్ణి. చిక్కుపడిన పోగుల ముద్దను లాగినా నొక్కినా లోపలి పోగులు ఎట్లా కదులుతాయో గణితంలో రాయడం నా పని. సెలవులకు బలసముద్రంలో మామ ఇంటికి వచ్చాను. ఆయన గొర్రెలు మేపిన బీళ్లలో సోలార్ పలకలు లేచాయి కాబట్టి, మంద వెంట నిడుగల్లు కొండ దాకా పోయేవాడు. ఆ చలిగాలికని మా అవ్వ ఏడాది పొడవునా ఉన్ని వడికి కంబళి నేయించింది. చింతగింజల గంజి పెట్టిన కొత్త కంబళి అట్టలా నిలబడింది.

"మెడకాడ గీసుకుంటాదప్పా," అన్నాడు మామ.

"వేన్నీళ్లలో బాగా ఉతికితే మెత్తగవుతాది మామా."

అవ్వ ఉలిక్కిపడింది. "వద్దురా, ముడుచుకుంటాది!"

"పోగు ముందుకెంత జారుతాదో వెనక్కీ అంతే జారుతాదవ్వా. లెక్క ఏసినా."

"నీ లెక్కలో గొర్రె ఉండాదా?"

నవ్వాను. మర్నాడు అవ్వ సంతకు పోగానే నీళ్లు కాచి, సబ్బు పోసి, గంటసేపు తొక్కాను, బాదాను. తీసి చూస్తే చెప్పు అట్టంత మందం, తువ్వాలంత వెడల్పు!

సాయంత్రం మామ వచ్చాడు. "కంబళి యాడప్పా?"

"ఇదే మామా."

"ఇది నాకా, గొర్రెపిల్లకా?" భుజాన వేసుకుని పకపకా నవ్వాడు. కాసేపటికి కొండ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు: "చలి ఇంకా ఉండాది కదప్పా." తిట్టి ఉంటే బాగుండేది.

అవ్వ కూడా తిట్టలేదు. ఒక ఉన్నిపోగు నా వేళ్ల మధ్య పెట్టి, "రుద్దు," అంది. రుద్దాను. పురుగులా ఒక వైపుకు పాకింది. తిప్పి పెట్టి రుద్దితే ఎదురు వైపుకు పాకింది.

"చూసినావా? వెంట్రుక మొదలు దిక్కుకే పోతాది. వెనక్కి రాదు."

ఉన్నిపోగు మీద పొలుసులు ఒకే వైపుకు వాలి ఉంటాయి; అందుకే తొక్కినకొద్దీ పోగులు లోపలికే జారి బిగుసుకుంటాయి. నేనేమో రెండు వైపులా ఒకే రాపిడి అని రాసుకున్నాను. వేల పోగులను కాగితం మీద కదిలించిన నేను, ఒక్క పోగును చేత్తో పట్టుకుని చూడలేదు.

నా ఎర్ర స్వెటర్ మామకిచ్చాను. మొదటిరోజు దాన్ని చూసి మంద బెదిరి, సోలార్ కంచె వెంట పరుగెత్తిందట. సమీకరణం దిద్దుకున్నాను. అవ్వ మళ్లీ వడకడం మొదలుపెట్టింది.

కనుక పాఠకులారా, మీ ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నేను బట్టలు ఉతకను. గొర్రె నుంచి రాని బట్టలకు ఈ ప్రమాణం చెల్లదని మా ఆవిడ బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది.